మధుమేహ రోగుల్లో మూత్ర ఇన్ఫెక్షన్ల మీద ఆసుపత్రి వార్డులో అధ్యయనం చేసే పద్ధతి

ఎండీ చదివే ప్రతి వైద్య విద్యార్థీ మూడేళ్ల కోర్సులో ఒక థీసిస్ పూర్తిచేయాలి. జనరల్ మెడిసిన్‌లోనూ మైక్రోబయాలజీలోనూ చేరినవారిలో చాలామంది మధుమేహానికీ ఇన్ఫెక్షన్లకూ ఉన్న సంబంధాన్నే అంశంగా తీసుకుంటారు. ఫార్మ్‌డీ, నర్సింగ్ విద్యార్థులు కూడా తమ ప్రాజెక్టుల కోసం ఇదే దారి పడతారు. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలోగానీ, హైదరాబాద్ గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోగానీ మెడికల్ వార్డులో ఏ వరుసలో నిలబడి చూసినా షుగర్ ఉన్నవారు కనిపిస్తారు. వారిలో కొందరు జ్వరంతోనో మూత్రంలో మంటతోనో వచ్చినవారైతే, మరికొందరు వేరే జబ్బుతో చేరి, కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేశాక జ్వరం తెచ్చుకున్నవారు. రోగులకు కొదవ లేదు. ఏది ముందు వచ్చింది, ఏది తరవాత వచ్చింది అన్న సంగతిని తేదీతో, వీలైతే గంటతో సహా రాసిపెట్టుకునే ఓపికకే కొదవ. దీర్ఘకాలిక వ్యాధి మొదలైన కాలం, ఆసుపత్రిలో చేరిన రోజు, కాథెటర్ వేసిన రోజు, యాంటీబయాటిక్ మొదటి డోసు, కల్చర్‌కు (నమూనాలోని సూక్ష్మజీవులను ల్యాబులో పెంచి చూసే పరీక్షకు) నమూనా తీసిన సమయం, వీటి వరుస తెలియని అధ్యయనం ఎంతమంది మీద చేసినా దాని నుంచి తేలేది తక్కువ. అందుకని ఇక్కడ ఒకే ఉదాహరణ తీసుకుంటున్నాను: మధుమేహం ఉండి, వార్డులో చేరాక కాథెటర్ వేయించుకున్న రోగుల్లో మూత్ర ఇన్ఫెక్షన్ ఎంతమందికి వస్తుంది, ఎవరికి ఎక్కువగా వస్తుంది అన్న ప్రశ్నను పట్టుకుని, అధ్యయనాన్ని మొదటి నుంచి చివరిదాకా ఎలా నడపాలో చెబుతాను.

ప్రశ్నను ఒక్క వాక్యంలోకి తేవడం

"మధుమేహ రోగుల్లో ఇన్ఫెక్షన్ల అధ్యయనం" అన్నది శీర్షికే తప్ప ప్రశ్న కాదు. ఎవరిలో, దేనితో పోల్చి, ఏ ఫలితాన్ని, ఎంతకాలం చూస్తామో చెప్పినప్పుడే అది ప్రశ్న అవుతుంది. మన ఉదాహరణను ఇలా రాయవచ్చు: "18 ఏళ్లు నిండి, మధుమేహం ఉన్నట్టు నిర్ధారణ అయి, మెడికల్ వార్డులో కాథెటర్ వేసిన రోగుల్లో, చేరినప్పటి హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చెప్పే రక్తపరీక్ష) 8 శాతం కంటే ఎక్కువ ఉన్నవారికీ తక్కువ ఉన్నవారికీ కాథెటర్ వల్ల వచ్చే మూత్ర ఇన్ఫెక్షన్ రేటులో తేడా ఉందా?" ఈ వాక్యం చదివిన నర్సుకు కూడా ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని వదిలేయాలో అర్థం కావాలి. అర్థం కాకపోతే ప్రశ్న ఇంకా తయారు కాలేదన్నమాట.

ప్రశ్న తేలాక అధ్యయన పద్ధతి దానంతటదే తేలుతుంది. పాత కేస్ షీట్లు తిరగేసి చేసే అధ్యయనం త్వరగా ముగుస్తుంది, కానీ కాథెటర్ ఏ రోజు తీశారన్నది సగం షీట్లలో ఉండదు. జ్వరం వచ్చిందని ఉంటుంది, ఎంత వచ్చిందో ఉండదు. పైగా బాగా జబ్బుపడ్డవారి షీట్లలోనే వివరాలు ఎక్కువ ఉంటాయి కాబట్టి, ఖాళీలున్న షీట్లను పక్కనపెడితే మిగిలేది జబ్బు ముదిరిన రోగుల సమూహమే. చేరిన రోజు నుంచి రోగిని వెంట చూసుకుంటూ పోయే పద్ధతి శ్రమతో కూడుకున్నదే అయినా, వరుస తెలియాల్సిన ఇలాంటి ప్రశ్నకు అదే తగినది.

ఆసుపత్రికి వచ్చినవారు ఊరి జనం కాదు

ఈ విషయాన్ని ఎక్కువమంది తేలిగ్గా దాటేస్తారు కాబట్టి కొంచెం ఆగి చెప్పాలి. 1946లో అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన జోసెఫ్ బెర్క్‌సన్ మధుమేహాన్నీ పిత్తాశయపు వాపునూ ఉదాహరణగా తీసుకుని ఒక లెక్క చూపించారు. బయటి జనాభాలో ఈ రెండు జబ్బులకూ ఏ సంబంధమూ లేకపోయినా, ఆసుపత్రిలో చేరినవారిని మాత్రమే లెక్కిస్తే సంబంధం ఉన్నట్టు కనిపించవచ్చునని ఆయన నిరూపించారు. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఒక జబ్బున్న మనిషి ఆసుపత్రిలో చేరడానికి ఒక అవకాశం ఉంటే, రెండు జబ్బులున్న మనిషికి రెండు అవకాశాలు ఉంటాయి. అందుచేత రెండు జబ్బులూ కలిసి ఉన్నవారు వార్డులో తమ నిజమైన వాటాకు మించి కనిపిస్తారు.

మన వార్డుకు అన్వయించి చూడండి. షుగర్ ఉన్న మనిషికి మూత్రంలో మంట వస్తే ఇంట్లోవాళ్లు భయపడి పెద్దాసుపత్రికి తీసుకొస్తారు. షుగర్ లేని మనిషి ఊళ్లోనే మందు బిళ్లలు వేసుకుని సర్దుకుంటారు. వార్డులో లెక్కపెట్టి "మూత్ర ఇన్ఫెక్షన్ ఉన్నవారిలో ఇంత శాతం మందికి మధుమేహం ఉంది, కాబట్టి మధుమేహం వల్ల ఇన్ఫెక్షన్ ఇన్ని రెట్లు పెరుగుతుంది" అని రాస్తే, ఆ వాక్యంలో సగం ఎవరు ఆసుపత్రికి వచ్చారన్న దాన్ని మాత్రమే చెబుతోంది. మధుమేహంలో ఇన్ఫెక్షన్ల ముప్పు నిజంగానే ఎక్కువ, అందులో సందేహం లేదు. ఎంత ఎక్కువ అన్నది మాత్రం ఆసుపత్రిలో చేరినవారిని చూసి ఊరికి చెప్పకూడదు. నేను ఈ ఉదాహరణలో అందరూ మధుమేహ రోగులే, అందరూ అప్పటికే చేరినవారే అయ్యేలా ప్రశ్నను రాసింది అందుకే. వార్డులో తలెత్తిన ప్రశ్నకు వార్డులో జవాబు వెతకవచ్చు.

నిర్వచనాలు ముందే రాసిపెట్టుకోవడం

మొదటి రోగిని చేర్చుకోకముందే ప్రతి మాటకూ నిర్వచనం కాగితం మీద ఉండాలి. మధుమేహం నుంచే మొదలుపెడదాం. పరగడుపు గ్లూకోజ్ డెసిలీటరుకు 126 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి ఉండటం, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం లేదా అంతకు మించి ఉండటం అందరూ ఎరిగిన ప్రమాణాలు. అయితే వార్డులో ఒక చిక్కు ఉంది. తీవ్రమైన ఇన్ఫెక్షన్ వచ్చిన మనిషికి, మధుమేహం లేకపోయినా, శరీరం మీద పడిన ఒత్తిడికి గ్లూకోజ్ పెరుగుతుంది. జ్వరంతో చేరిన రోజున 220 ఉందని రాసుకుని, "షుగర్ ఎక్కువగా ఉండటం వల్ల ఇన్ఫెక్షన్ వచ్చింది" అని తేల్చేస్తే, కారణాన్ని ఫలితంగానూ ఫలితాన్ని కారణంగానూ రాసినట్టవుతుంది. హెచ్‌బీఏ1సీ గడిచిన రెండు మూడు నెలల సగటును చెబుతుంది కాబట్టి, ఇన్ఫెక్షన్‌కు ముందటి పరిస్థితి తెలుసుకోవడానికి చేరిన రోజు గ్లూకోజ్ కంటే అదే నమ్మదగినది.

ఆ హెచ్‌బీఏ1సీని కూడా గుడ్డిగా నమ్మకూడదు. ఇనుము లోపం వల్ల వచ్చే రక్తహీనతలో అది ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. రక్తకణాలు త్వరగా చితికిపోయే జబ్బుల్లోనూ, ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నవారిలోనూ తప్పుదారి పట్టిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అందువల్ల ప్రతి రోగికీ హిమోగ్లోబిన్ విలువా, గత మూడు నెలల్లో రక్తం ఎక్కించారా అన్నదీ ఫారంలో తప్పనిసరిగా ఉండాలి.

కిడ్నీ జబ్బు విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అనాలంటే పనితీరు తగ్గుదలగానీ, కిడ్నీ దెబ్బతిన్న గుర్తులుగానీ మూడు నెలలకు పైగా ఉండాలి. కిడ్నీ పనితీరు చూపే రక్తపరీక్ష అయిన క్రియాటినిన్ చేరిన రోజు 2.4 ఉన్నంత మాత్రాన దీర్ఘకాలికమని రాయకూడదు. ఇన్ఫెక్షన్ వల్ల, నీరు తగ్గడం వల్ల అప్పటికప్పుడు పెరిగినదీ కావచ్చు. పాత రిపోర్టు ఒక్కటైనా దొరుకుతుందేమో అడగండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చే రోగుల విషయంలో మరో మాట గుర్తుంచుకోవాలి: ఉద్దానం ప్రాంతంలో మధుమేహం, రక్తపోటు లేనివారికి కూడా కారణం తెలియని కిడ్నీ జబ్బు పెద్దఎత్తున ఉంది. అక్కడి రోగికి షుగర్ కూడా ఉంటే, కిడ్నీ జబ్బు షుగర్ వల్లే వచ్చిందని ఫారంలో ముందే అచ్చేసి ఉంచకండి.

ఇక ఇన్ఫెక్షన్. చేరి 48 గంటలు దాటాక మొదలైనదాన్ని ఆసుపత్రిలో సోకిన ఇన్ఫెక్షన్‌గా తీసుకోవడం వాడుకలో ఉన్న పద్ధతి. కాథెటర్ వల్ల వచ్చినదని చెప్పడానికి అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ప్రమాణాన్ని చాలా ఆసుపత్రులు అనుసరిస్తాయి: కాథెటర్ వరుసగా రెండు రోజులకు మించి ఉండాలి, కల్చర్‌లో మిల్లీలీటరుకు లక్ష కాలనీలు లేదా అంతకు మించి బ్యాక్టీరియా పెరగాలి, రెండు రకాలకు మించి సూక్ష్మజీవులు ఉండకూడదు, దానితోపాటు 38 డిగ్రీల సెల్సియస్ దాటిన జ్వరమో, పొత్తికడుపు నొక్కితే నొప్పో, నడుము పక్కల నొప్పో ఉండాలి. కాథెటర్ లోపల ఉన్నప్పుడు "మాటిమాటికీ మూత్రం వస్తున్నట్టుంది" అన్న ఫిర్యాదును లెక్కలోకి తీసుకోరు, ఎందుకంటే ఆ ఇబ్బంది కాథెటరే కలిగిస్తుంది. ఈ ప్రమాణంలో క్యాండిడా అనే ఫంగస్‌ను కారకజీవిగా లెక్కించరు. మధుమేహ రోగుల మూత్రంలో క్యాండిడా తరచుగా కనిపిస్తుంది కాబట్టి, మీరు దాన్ని లెక్కిస్తారా, విడిగా చూపిస్తారా అన్నది ముందే నిర్ణయించుకోవాలి. ఫలితాలు చూశాక నిర్ణయించుకుంటే అది నిర్వచనం అనిపించుకోదు.

కమిటీ అనుమతి, రోగి సమ్మతి

భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన జాతీయ నైతిక మార్గదర్శకాలు ఇలాంటి ప్రతి అధ్యయనానికీ వర్తిస్తాయి. పాత కేస్ షీట్లు మాత్రమే చూసే అధ్యయనానికి కూడా పరిశోధనల నైతికతను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. అలాంటివాటిలో రోగి సమ్మతి అవసరం లేదని మినహాయించే అధికారం కమిటీదే తప్ప మీది కాదు. కమిటీలో 7 నుంచి 15 మంది సభ్యులు ఉంటారు, అధ్యక్షులు ఆ సంస్థకు బయటివారై ఉండాలి. మందునో, కొత్త చికిత్సనో పోల్చిచూసే ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో (భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో) నమోదు కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదలైపోయిన ట్రయల్‌ను ఆ తరవాత నమోదు చేసే వీలు లేదు. మన ఉదాహరణలో చికిత్స ఏదీ మారదు, అయినా నమోదు చేయడం మంచిది. ఏ ఫలితాన్ని ప్రధానంగా చూడదలిచారో తేదీతో సహా బహిరంగంగా ఉంటుంది.

సమ్మతి పత్రం తెలుగులో ఉంటే చాలదు, ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి. "మీ మూత్రాన్ని పరీక్షకు పంపుతాం. దీనికి మీరు డబ్బు కట్టనక్కరలేదు. ఇష్టం లేదంటే మీకు అందే వైద్యంలో ఏ తేడా రాదు. మధ్యలో మానేయాలనుకున్నా మానేయవచ్చు" అని నాలుగు మాటల్లో చెప్పగలగాలి. చివరి రెండు వాక్యాలను నెమ్మదిగా, రెండుసార్లు చెప్పండి. సర్కారు ఆసుపత్రిలో మంచం దొరకడమే గొప్ప అనుకునే మనిషి తెల్లకోటు వేసుకున్నవారికి కాదని చెప్పలేరు. కాదనే హక్కు ఉందని మనమే నమ్మించాలి. చదవడం రానివారి దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి పక్కనే ఉండి అంతా వినాలి. స్పృహ సరిగా లేని రోగి తరఫున చట్టప్రకారం అర్హులైన బంధువు సమ్మతి ఇస్తారు, రోగి తేరుకున్నాక వారిని మళ్లీ అడగాలి. వైద్యానికి అవసరం లేకుండా పరిశోధన కోసం మాత్రమే చేయించే ఏ పరీక్షకూ రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. హెచ్‌బీఏ1సీని, కల్చర్‌ను మీ బడ్జెట్లో ముందే లెక్కవేసుకోండి.

కమిటీ అడగకపోయినా ప్రొటోకాల్లో (అధ్యయన ప్రణాళిక పత్రంలో) మీరు రాసుకోవాల్సిన సంగతి మరొకటి ఉంది. మూత్రం కల్చర్ చేస్తే, ఏ బాధా లేని కొందరిలో కూడా బ్యాక్టీరియా కనబడుతుంది; మధుమేహం ఉన్న మహిళల్లో ఇది ఎక్కువ. ఆ రిపోర్టు కేస్ షీట్లోకి వెళ్లిందంటే ఎవరో ఒకరు యాంటీబయాటిక్ రాసేస్తారు. ఇలాంటి మధుమేహ మహిళల మీదే చేసిన ఒక ట్రయల్ 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మందు ఇచ్చినందువల్ల తరవాతి కాలంలో ఇబ్బందులు తగ్గలేదని అది తేల్చింది. గర్భిణులకు, మూత్రమార్గంలో శస్త్రచికిత్స చేయబోయేవారికి తప్ప, లక్షణాలు లేనప్పుడు మందు వద్దన్నదే ఇప్పటి మార్గదర్శకాల మాట. మీ పరిశోధన వల్ల ఒక మనిషికి అక్కరలేని మందు పడితే ఆ బాధ్యత మీదే. అందుచేత నమూనాలు ఎవరి దగ్గర, ఎప్పుడు తీస్తారో, రిపోర్టు ఎవరికి, ఏ వ్యాఖ్యతో వెళుతుందో ప్రొటోకాల్లోనే రాయండి.

ఎంతమంది కావాలి

గతంలో మీలాంటి ఆసుపత్రిలో జరిగిన అధ్యయనం నుంచి అంచనా శాతం తీసుకోండి. ఉదాహరణకు 20 శాతం మందికి ఇన్ఫెక్షన్ వస్తుందనుకుని, మీ అంచనా 5 శాతం అటూఇటూగా ఉంటే చాలనుకుంటే, 95 శాతం విశ్వాసానికి వాడే 1.96 వర్గాన్ని 0.20తోనూ 0.80తోనూ గుణించి 0.05 వర్గంతో భాగించాలి. 246 మంది వస్తారు. నూటికి పదిమంది మధ్యలో జారిపోతారనుకుంటే 274 మందిని చేర్చుకోవాలి. ఈ లెక్క శాతాన్ని అంచనా వేయడానికి మాత్రమే సరిపోతుంది. రెండు గుంపుల మధ్య తేడా చూడటానికి వేరే సూత్రం ఉంది, దానికి సాధారణంగా ఇంకా ఎక్కువమంది కావాలి. సంఖ్య పెద్దదైతే భయపడి సూత్రాన్ని మార్చకండి, ప్రశ్నను మార్చండి. కాలేజీలో గణాంక నిపుణులు ఉంటే వారిని కలవాల్సింది ఇప్పుడు, డేటా మొత్తం సేకరించాక కాదు.

మంచం దగ్గర

ఫారం రెండు పేజీలు దాటకూడదు. పేరు, ఆధార్ నంబరు అందులో ఉండకూడదు. అధ్యయన సంఖ్య ఒక్కటి చాలు. ఆ సంఖ్యకూ ఐపీ (ఇన్‌పేషెంట్) నంబరుకూ సంబంధం చూపే పట్టిక వేరే పుస్తకంలో తాళం వేసి ఉండాలి.

షుగర్ ఎన్నేళ్లుగా ఉందని అడిగితే "చాలా ఏళ్ల నుంచి బాబూ" అన్న జవాబే వస్తుంది. ఏడాది అడగకండి, సందర్భం అడగండి. "పెద్దమ్మాయి పెళ్లప్పటికి మందులు వాడుతున్నారా అమ్మా?" అంటే వెంటనే చెబుతారు. విశాఖ వైపు వారికి "హుద్‌హుద్ తుపానుకు ముందా, తరవాతా?" అంటే అది 2014 అక్టోబరుకు ముందో తరవాతో తేలిపోతుంది, శ్రీకాకుళం వైపు 2018 నాటి తిత్లీ అలాగే పనికొస్తుంది. పక్కనే ఉన్న కోడలో కొడుకో ఆ మాటను సరిచేస్తారు. సరిచేసిన జవాబునే రాసుకోండి, ఎవరు చెప్పారన్నది కూడా గుర్తుపెట్టండి.

అంతకంటే ముఖ్యమైనది, ఆసుపత్రికి రాకముందు వాడిన యాంటీబయాటిక్. ఊళ్లో ఆర్ఎంపీ వేసిన ఇంజెక్షన్ పేరు రోగికి తెలియదు, వేసిన సంగతి చెప్పడానికీ జంకుతారు. తప్పుపట్టే గొంతుతో అడిగితే నిజం బయటికి రాదు. "మందుల కవరు తెచ్చారా, ఒకసారి చూపిస్తారా?" అని అడగండి. దిండు కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు బయటికి వస్తుంది. అందులో సగం వాడిన బిళ్లల అట్టలు, మెడికల్ షాపు చీటీ, మడతలుపడ్డ పాత రిపోర్టులు ఉంటాయి. అట్ట మీద పేరు చింపిన వైపు పోయి ఉంటే, వెనకవైపు సన్నటి అక్షరాల్లో మందు పేరు, మిల్లీగ్రాములు ఉంటాయేమో వెలుతురులో పట్టుకుని చూడండి. ఎన్ని గళ్లు ఖాళీ అయ్యాయో లెక్కపెట్టండి. మీ కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, దానికి కారణం చాలాసార్లు ఆ ఖాళీ గళ్లలోనే ఉంటుంది.

కాథెటర్ వేసిన తేదీ, గంట కేస్ షీట్లో లేకపోతే నర్సుల రిపోర్టు పుస్తకంలో వెతకండి. వార్డు సిస్టరు గారికి మీ అధ్యయనం ఏమిటో మొదటి రోజే కూర్చుని వివరించండి. రాత్రి రెండింటికి కాథెటర్ తీసేస్తే తెలిసేది వారికే. రోజూ ఒకే సమయానికి వెళ్లి ఎవరికి కాథెటర్ ఉంది, ఎవరికి లేదు అని లెక్క రాయండి. ఆ లెక్కే తరవాత మీ కాథెటర్ రోజుల మొత్తం అవుతుంది.

నమూనా

కాథెటర్ ఉన్న రోగి మూత్రాన్ని సంచిలో నుంచి తీయకూడదు. సంచిలో గంటల తరబడి నిలిచిన మూత్రంలో బ్యాక్టీరియా పెరిగిపోయి ఉంటుంది. గొట్టానికి ఉండే నమూనా ద్వారాన్ని స్పిరిట్‌తో తుడిచి, ఆరనిచ్చి, స్టెరైల్ సిరంజితో తీయాలి. కాథెటర్ వేసి చాలా రోజులైతే దాన్ని మార్చి, కొత్తదాని నుంచి తీయడం మేలు. సీసా మీద సమయం రాయండి. రెండు గంటల్లోపు ల్యాబుకు చేరకపోతే 4 డిగ్రీల దగ్గర ఫ్రిజ్‌లో ఉంచాలి, అదీ 24 గంటలు దాటకుండా. ఆదివారాలు, పండుగ రోజుల్లో ల్యాబు ఎంతవరకు తెరిచి ఉంటుందో ముందే కనుక్కోండి, లేకపోతే శనివారం సాయంత్రం జ్వరం వచ్చినవారంతా మీ లెక్కలోంచి తప్పిపోతారు. వణుకుతో జ్వరం ఉంటే బ్లడ్ కల్చర్ కూడా యాంటీబయాటిక్‌కు ముందే, రెండు వేర్వేరు చోట్ల నుంచి, పెద్దవారిలో సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్ల చొప్పున తీయాలి. రక్తం తక్కువైతే బ్యాక్టీరియా ఉన్నా దొరకదు.

ఈ-కోలై, క్లెబ్సియెల్లా వంటి బ్యాక్టీరియాలు ఏ మందుకు లొంగుతున్నాయో పట్టిక వేసేటప్పుడు ఒక్కో రోగి నుంచి ఒక్కో జాతిలో మొదటిసారి పెరిగినదాన్నే లెక్కించాలి. ఎక్కువకాలం వార్డులో ఉన్న రోగికి అయిదుసార్లు కల్చర్ చేస్తారు, ఆ అయిదూ మందులకు లొంగనివే కావచ్చు. అన్నీ కలిపితే మీ ఆసుపత్రి ఉన్నదానికంటే భయంకరంగా కనిపిస్తుంది. ఒక జాతికి 30 కంటే తక్కువ నమూనాలుంటే శాతాలు రాయకుండా సంఖ్యలే రాయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఉచితంగా ఇచ్చే హూనెట్ సాఫ్ట్‌వేర్ ఈ పనిని చక్కగా చేసిపెడుతుంది.

లెక్కలు కట్టేటప్పుడు

కాథెటర్ ఇన్ఫెక్షన్ రేటును రోగుల శాతంగా మాత్రమే చెప్పడం చాలదు, వెయ్యి కాథెటర్ రోజులకు ఎన్ని అని చెప్పాలి. మొత్తం 1,500 కాథెటర్ రోజుల్లో 6 ఇన్ఫెక్షన్లు వస్తే రేటు వెయ్యికి 4. రెండు రోజులే కాథెటర్ ఉన్న మనిషినీ ఇరవై రోజులు ఉన్న మనిషినీ ఒకే తూకంలో వేయకుండా ఈ పద్ధతి కాపాడుతుంది.

"ఇన్ఫెక్షన్ వచ్చినవారు సగటున 14 రోజులు ఆసుపత్రిలో ఉన్నారు, రానివారు 6 రోజులు ఉన్నారు, కాబట్టి ఇన్ఫెక్షన్ వల్ల 8 రోజులు అదనంగా ఉండాల్సి వచ్చింది" అనే తరహా వాక్యం చాలా థీసిస్‌లలో కనిపిస్తుంది. అది నిలవదు. ఎక్కువ రోజులు ఉన్నందువల్ల ఇన్ఫెక్షన్ సోకి ఉండవచ్చు. పదోరోజున ఇన్ఫెక్షన్ వచ్చిన మనిషి అప్పటికే పదిరోజులు వార్డులో ఉన్నారు. ఆ పదిరోజులనూ ఇన్ఫెక్షన్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. ఇన్ఫెక్షన్ వచ్చిన రోజు నుంచి మాత్రమే లెక్కించి, అదే రోజుకు ఇంకా వార్డులో ఉండి ఇన్ఫెక్షన్ రానివారితో పోల్చాలి. తేదీలు రాసుకున్నవారు ఇది చేయగలరు, రాసుకోనివారికి వీలుపడదు.

ఎవరికి కాథెటర్ వేశారన్నది కూడా ఆలోచించాలి. పక్షవాతంతో చేరినవారికి, షాక్‌లో ఉన్నవారికి ముందు వేస్తారు. వయసు, జబ్బు తీవ్రత, కిడ్నీ పనితీరు అన్నీ హెచ్‌బీఏ1సీతో ముడిపడి ఉంటాయి కాబట్టి వాటిని కలిపి విశ్లేషించాలి. అయితే 30 ఇన్ఫెక్షన్లు మాత్రమే నమోదైన అధ్యయనంలో పన్నెండు అంశాలను ఒకేసారి రిగ్రెషన్‌లో (అనేక అంశాల ప్రభావాన్ని కలిపి లెక్కించే గణాంక పద్ధతిలో) పెట్టకూడదు. అంశానికి కనీసం పది ఇన్ఫెక్షన్లు ఉండాలన్న పాత లెక్క ప్రకారం మూడింటిని మించకండి, ఆ మూడింటినీ డేటా చూడకముందే ఎంచుకోండి. పట్టిక గడిలో అంచనా ప్రకారం ఉండాల్సిన సంఖ్య 5 కంటే తక్కువైతే గుంపుల మధ్య తేడా చూసే కై-స్క్వేర్ పరీక్ష బదులు ఫిషర్ పరీక్ష వాడాలి.

పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) ఒక్కటే రాసి ఊరుకోకండి. 250 మందిలో 60 మందికి ఇన్ఫెక్షన్ వచ్చిందంటే 24 శాతం. 95 శాతం విశ్వాసంతో ఆ అంచనా సుమారు 19 నుంచి 29 శాతం మధ్య ఉంటుంది. చదివేవారికి ఆ వెడల్పు కనబడాలి.

చనిపోయినవారిని, డాక్టరు వద్దన్నా వెళ్లిపోయినవారిని పట్టికలోంచి తీసేయకూడదు. మొత్తం ఎంతమందిని పరిశీలించారు, ఎంతమంది సమ్మతించలేదు, ఎంతమంది మధ్యలో వెళ్లిపోయారు అన్నది ఒక బొమ్మలో చూపించాలి. ఇలాంటి పరిశీలనాత్మక అధ్యయనాల కోసం 2007లో వెలువడిన స్ట్రోబ్ పట్టికను (నివేదికలో ఏమేమి ఉండాలో చెప్పే జాబితాను) దగ్గర పెట్టుకుని రాస్తే ఏదీ మరిచిపోరు.

రాశాక

పరిమితుల పేరా నిజాయితీగా ఉండాలి. "నమూనా సంఖ్య తక్కువ, ఒకే కేంద్రంలో చేశాం" అన్న రెండు వాక్యాలు ప్రతి థీసిస్‌లోనూ ఉంటాయి, వాటి వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఎంతమందికి కాథెటర్ తీసిన గంట తెలియలేదు, ఎంతమంది ముందే యాంటీబయాటిక్ వాడి వచ్చారు, ఎన్ని నమూనాలు ఆలస్యంగా ల్యాబుకు చేరాయి అన్నవాటిని సంఖ్యలతో రాయండి. హెచ్‌బీఏ1సీకీ ఇన్ఫెక్షన్‌కీ సంబంధం తేలకపోతే ఆ సంగతినే శీర్షికకు తగ్గట్టు ముందుగా రాయాలి. తేడా కనిపించే వరకు గుంపులను మార్చి మార్చి చూడటం తప్పు.

థీసిస్ విశ్వవిద్యాలయానికి చేరాక ఒక పేజీ సారాంశాన్ని తెలుగులో రాసి, ఆసుపత్రి ఇన్ఫెక్షన్ నియంత్రణ కమిటీకీ, మీకు రాత్రింబవళ్లు తేదీలు చెప్పిన వార్డు సిస్టర్లకూ ఇవ్వండి. వెయ్యి కాథెటర్ రోజులకు మీ వార్డులో ఎన్ని ఇన్ఫెక్షన్లు వచ్చాయి, ఎంతమందికి అవసరం తీరాక కూడా కాథెటర్ ఉండిపోయింది అన్న రెండు సంఖ్యలు ఆ పేజీలో పెద్ద అక్షరాల్లో ఉండాలి. అవసరం తీరిన కాథెటర్‌ను ఆ రోజే తీయించడానికి వారికి అవి పనికొస్తాయి.